మూడు వెడ్జ్‌లా, నాలుగా

నవంబర్ 9

ముప్పై ఎనిమిది లారీలు. ముక్కు నిండా దుమ్ము, చెవుల నిండా హారన్లు. ఇంటికొచ్చి కాళ్లు చాపుకుని కూర్చున్నానో లేదో, ఈయన టాబ్లెట్ పట్టుకుని ఎదురొచ్చారు.

"ఏమోయ్ కాటా మేడమ్, జంట పోటీ తేదీ ఇచ్చారు. ఫిబ్రవరి ఇరవై రెండు."

వేబ్రిడ్జి దగ్గర లారీల తూకం రాసే ఉద్యోగం నాది. అందుకని ఇంట్లో నేను కాటా మేడమ్‌ని. మూడేళ్ల క్రితం నా కాలు విరిగి మంచాన పడ్డప్పుడు, ఏడుస్తూ కూర్చోకుండా ఉంటానని టాబ్లెట్‌లో ఈ గోల్ఫ్ ఆట నేర్పించారు. కాలు అతుక్కుంది, ఆట వదల్లేదు.

కొత్త పుస్తకంలో మొదటి పేజీ కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తాను. జంట పోటీలో ఇద్దరికీ ఒకటే సంచి, ఒకటే బంతి. ఒక దెబ్బ ఆయన, ఒక దెబ్బ నేను. సంచిలో పద్నాలుగు కర్రలకే చోటు. పోటీ మొదలైతే సంచికి తాళం పడుతుంది, ఇక మార్చడానికి లేదు. నిరుడు ఒకే ఒక్క దెబ్బ తేడాతో ఓడిపోయాం. ఆ దెబ్బ నాదే. గుంత దగ్గరి జెండా వంద గజాల్లో ఉంది, మా సంచిలో వంద గజాల కర్ర లేదు.

జెండా దగ్గరికి వచ్చాక బంతిని ఎత్తి పడేసే పొట్టి కర్రలను వెడ్జ్‌లంటారు. మావి మూడు. నలభై ఎనిమిదో నంబరు 115 గజాలు పోతుంది, యాభై ఆరు 85, అరవై 70. మధ్యలో యాభై రెండు ఉంటే సరిగ్గా వంద. అది పెట్టుకోవాలంటే ఇంకో కర్ర తీసెయ్యాలి. ఈయన ఒప్పుకోరు.

"నాలుగో వెడ్జ్ మోసేవాడు తన చేతిని తనే నమ్మనివాడు. సగం దెబ్బ నేర్చుకోరాదూ?"

తెర మీద వేలు నొక్కి పట్టుకుంటే దెబ్బ బలం చూపే పట్టీ నిండుతుంది. నిండగానే వేలెత్తాలి. ఆలస్యమైతే పట్టీ మళ్లీ ఖాళీ కావడం మొదలవుతుంది, బంతి పొట్టిగా పడుతుంది. సగంలో ఎత్తితే సగం దెబ్బ. అది నా వల్ల కాదు. ఆయనకు మంచినీళ్లు తాగినంత తేలిక. ఇరవై నాలుగేళ్లుగా క్రేన్ నడిపే చెయ్యి అది. నూటయాభై అడుగుల ఎత్తున గాజు గదిలో కూర్చుని, టన్ను ఇనుమును కింద గీసిన సుద్దగీత మీద దింపుతారు. "లివర్ ఎవడైనా లాగుతాడు. ఎక్కడ వదలాలో తెలియడమే పని" అంటారు.

ఈసారి ఊహలు వద్దు, ఇద్దరి దూరాలూ కొలిచి పట్టిక రాద్దామన్నాను. ఒక వరుస ఆయనది, ఒక వరుస నాది. నవ్వారు కానీ కాదనలేదు.

నవంబర్ 11

ఒక్కో కర్రతో ఈయన పది దెబ్బలు కొట్టారు. సగటు: 48తో 115. 56తో 85. 60తో 70. ఆట తయారుచేసినవాళ్లు కర్ర మీద రాసిన అంకెలే అచ్చంగా. ఒక్క గజం అటూ ఇటూ కాలేదు. ప్రతి దెబ్బకీ "రాసుకో, కాటా మేడమ్!" అని ఒక కేక. పక్కింటివాళ్లు ఏమనుకుంటారో ఏమో.

నా గడి తర్వాత నింపుతాను. చేతులు పడిపోతున్నాయి.

నవంబర్ 30

114. 84. 70. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయన్నారు. నిజమే, నావీ అంతే.

నా గడి తర్వాత.

డిసెంబర్ 14

112. 82. 68.

కొలవడం అయ్యాక టాబ్లెట్ పక్కన పెట్టి, కిటికీలోంచి చూస్తూ అన్నారు. "ఆ యాభై రెండు పెట్టేద్దాం లేవే. నువ్వు అడుగుతున్నావు కదా."

నేను అడిగి నెల దాటింది. అప్పుడు ఎగతాళి చేసిన మనిషి ఇప్పుడు వరమిచ్చినట్టు ఇస్తున్నారు. మూడో నంబరు ఇనుప కర్ర తీసేసి యాభై రెండు పెట్టాను. సంతోషంగానే ఉంది. సంతోషంగా ఉండకపోవడానికి ఏముంది?

డిసెంబర్ 17

ఇవాళ ఒక కంకర లారీ తూకం నాలుగు వందల కిలోలు తక్కువ చూపించింది. డ్రైవరు నా మీద ఎగిరాడు. "నీ కాటా దొంగ కాటా!" అన్నాడు. తూకం తేడా వస్తే ముందు కాటాను అనుమానించు, తర్వాతే లారీని. ఉద్యోగంలో చేరిన రోజున పాత గుమస్తా నేర్పిన మాట ఇదొక్కటే. మూలనున్న తూకం రాళ్లు తెప్పించి, తెలిసిన బరువు పెట్టి చూశాం. కాటా బంగారంలా ఉంది. లారీ నడుం కింద పలకకు చిల్లు, దారి పొడుగునా కంకర రాలిపోయింది.

అప్పుడే తట్టింది. ఈ ఆటకి ఈమధ్య ఏదో అప్‌డేట్ వచ్చింది. దూరాలు తగ్గించి ఉంటారు. ముందు కాటాను అనుమానించాలి కదా.

డిసెంబర్ 18

మేష్టారికి సందేశం పెట్టాను. మా లీగులో ఆడతాడు, రిటైరయిన లెక్కల మేష్టారు, మొహం ఎప్పుడూ చూడలేదు. "అప్‌డేట్ తర్వాత వెడ్జ్‌ల దూరం తగ్గిందా, మేష్టారూ?"

జవాబు: "నాకేం తగ్గలేదమ్మా. 52తో అచ్చంగా వంద."

మేష్టారిది కొత్త ఫోను. మాది పాత టాబ్లెట్. అదీ సంగతి.

డిసెంబర్ 28

పొద్దున్న ఈయన చొక్కా గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. కాజాలు బిగుసుకున్నాయని విసుక్కున్నారు. ఉతికి ఉతికి గుడ్డ కుదించుకుపోయి ఉంటుంది. ఆదివారం కదా అని కూర్చుని, ఐదు చొక్కాల కాజాలూ వెడల్పు చేశాను. కళ్లు లాగేస్తున్నాయి.

"ఇంత పని ఎందుకే?" అన్నారు. కానీ తొడుక్కున్నారు.

జనవరి 4

109. 80. 66. కొత్తగా వచ్చిన 52తో 95.

ఇవాళ ఒక్కసారి కూడా "రాసుకో" అనలేదు. నేనే రాసుకున్నాను.

నా గడి తర్వాత.

జనవరి 5

కాలు నొప్పి. ఆడలేదు.

జనవరి 18

గొడవ. రెండు నెలల అలసటంతా ఒక్క గంటలో బయటపడింది.

సాయంత్రం టీ తాగుతూ అన్నారు. "పెద్ద కర్ర తీసేద్దామే. అరవై నాలుగో నంబరు వెడ్జ్ ఒకటుంది, అది పెడదాం."

పెద్ద కర్రంటే అన్నిటికన్నా దూరం కొట్టేది, మొదటి దెబ్బకు వాడేది. ఈయన ప్రాణం అందులోనే ఉంటుంది.

"ఐదు వెడ్జ్‌లా? నాలుగు మోసేవాడికే చేతి మీద నమ్మకం లేదన్నది ఎవరండీ?"

"అన్నానులే. మనిషన్నాక మాట మార్చకూడదా?"

"మారిస్తే కారణం ఉండాలి."

"కారణం కావాలా నీకు? ప్రతిదానికీ చీటీ రాసివ్వాలా? నేనేమన్నా లారీనా?"

కప్పు గట్టిగా పెట్టారు. టీ ఒలికింది. తుడవబోయారు కానీ గుడ్డ చేతిలోంచి జారింది. రెండోసారీ జారింది. నేను తీసుకుని తుడిచాను.

పెద్ద కర్ర సంచిలోనే ఉంచాను. అది తీస్తే నేను ఆడనని చెప్పాను.

జనవరి 19

మాటల్లేవు.

జనవరి 20

మాటలున్నాయి. "ఉప్పు ఇటివ్వు." "ఇదిగో."

ఫిబ్రవరి 3

48తో 104. 52తో 91. 56తో 76. 60తో 62.

టాబ్లెట్ తెర మీద గీతలున్నాయి. మెత్తటి గుడ్డతో శుభ్రంగా తుడిచాను. నలభై ఏడు లారీలు ఇవాళ. రాసే ఓపిక లేదు. నా గడి సంగతి రేపు చూద్దాం.

ఈ నెలాఖరుకి ఈయన ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. క్రేన్ ఎక్కేవాళ్లందరికీ ఏడాదికోసారి ఉంటుంది. కళ్లు చూస్తారు, బీపీ చూస్తారు. వేలు ఎంత త్వరగా ఎత్తుతున్నారో చూడరు.

ఈ ఆఖరి వాక్యం ఎందుకు రాశానో తెలియదు. కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

ఫిబ్రవరి 10

సాయంత్రం ఐదింటికి నిచ్చెన వచ్చాడు. సైటులో ఈయనకి కింద నుంచి సైగలు చేసే మనిషి అతను. ఆరడుగుల మూడంగుళాలు ఉంటాడు కాబట్టి అందరూ నిచ్చెన అంటారు. నవ్వకుండా ఎప్పుడూ గుమ్మం దాటని మనిషి, ఇవాళ చెప్పులు విప్పి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"అన్న వచ్చాడా వదినా?"

"ఇంకా రాలేదు. కూర్చో."

కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. నిన్న కూతురికి జ్వరమని ఇతను సెలవు పెట్టాడు. కింద సైగలకి వేరే మనిషి ఉన్నాడు. పైపుల కట్ట దింపుతున్నారు. ఆ మనిషి ఆపమని పిడికిలి పట్టాడు. కట్ట ఆగలేదు. ఇంకో రెండు గజాలు వెళ్లి, గోడ పక్కనున్న బల్లను తునాతునకలు చేసింది. ఆ బల్ల మీద కూర్చుని ప్లంబర్ అన్నం తింటున్నాడు. చెయ్యి కడుక్కుందామని అప్పుడే లేచాడు. డబ్బా మాత్రం బల్ల మీదే ఉంది. అది అట్టలా అయిపోయిందట.

"గాలి వల్ల అని రాసుకున్నారు సైటు పుస్తకంలో. గాలి కాదు వదినా. రెణ్ణెల్లుగా అన్న చెయ్యి ఆలస్యంగా వదుల్తోంది. నాకు తెలుసు. అందుకే నేను ముందే పిడికిలి పట్టేవాణ్ని. గీత ఇంకా రెండు గజాలుండగానే. అన్న ఆపేసరికి సరిగ్గా గీత మీదకొచ్చేది. ఎవరికీ తెలీలేదు. నిన్న నేను లేను."

"ఆయనకి తెలుసా, నువ్వు ముందే పడుతున్నట్టు?"

"తెలుసు. ఒక్కసారి కూడా మేం అనుకోలేదు. కానీ తెలుసు."

టీ తాగమన్నాను. వద్దని వెళ్లిపోయాడు. మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి అన్నాడు. "నా మీద కోపం తెచ్చుకోకు వదినా. క్రేన్ దిగిపోతే అన్న తట్టుకోలేడనుకున్నా."

ఆ ప్లంబర్‌కి పెళ్లాం ఉందో లేదో, పిల్లలున్నారో లేదో అడగలేదు. అడిగే ధైర్యం లేదు.

ఫిబ్రవరి 11

ఆఫీసులో కూర్చుని రాస్తున్నాను. లారీలు లేవు. కాబట్టి తప్పించుకోవడానికి సాకు కూడా లేదు.

జనవరి 5న కాలు నొప్పి అని రాశాను. అబద్ధం. నా పుస్తకంలో నేనే అబద్ధం రాసుకున్నాను. ఎవరు చదువుతారని?

ఆ రోజు ఈయన పనికి వెళ్లాక, అదే టాబ్లెట్‌తో, అదే కుర్చీలో కూర్చుని, నేను కొట్టి చూశాను. పది, పది, పది, పది. 48తో 115. 52తో 100. 56తో 85. 60తో 70. ఏడాదికి ఒక్క మంచి దెబ్బ కొట్టే మనిషిని, ఒక్క గజం తేడా రాలేదు. ఆటవాళ్లు ఏమీ తగ్గించలేదు. తెర మీద గీతలకీ దీనికీ సంబంధం లేదు. తెలిసిన బరువు పెట్టి చూస్తే కాటా బంగారంలా ఉంది.

ఆ కాగితం చింపి చెత్తబుట్టలో వేశాను. నా గడి ఖాళీగా ఉంచాను. అది ఖాళీగా ఉన్నంతకాలం కాటా మీదే అనుమానం పెట్టుకోవచ్చు.

కాజాలు కూడా అంతే. కుదించుకుపోయిన చొక్కాకి మెడ బిగుస్తుంది, చేతులు పొట్టవుతాయి. ఒక్క కాజాలే బిగుసుకోవడం నేనెక్కడా చూడలేదు.

ఊళ్లో ప్రతి లారీ డ్రైవరూ నన్ను నమ్ముతాడు. ఆవిడ రాస్తే రాసినట్టే అంటారు. నేను నెలపైన ఒక తప్పుడు తూకం రాశాను, దాని కింద ఒక మనిషి అన్నం తింటున్నాడు.

సిగ్గుగా ఉంది. అంతకన్నా ఎక్కువ భయంగా ఉంది.

ఫిబ్రవరి 12

చెప్పేశాను.

పట్టిక తీసి బల్ల మీద పెట్టి, ఆయన ఎదురుగానే నా గడి నింపాను. 115, 100, 85, 70. పెన్ను మూత పెట్టాను. ఈయన చాలాసేపు చూశారు. రెండు వరుసలూ పక్కపక్కన చూస్తే ఇక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు.

"ఎప్పుడు కొట్టావు ఇవి?"

"జనవరి ఐదున."

"నెల దాటింది. చెప్పలేదేం?"

"మీరెందుకు చెప్పలేదు?"

కోప్పడతారనుకున్నాను. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, ఒళ్లో పెట్టుకున్నారు.

"భయమేసిందే. పైన నేనొక్కణ్నే ఉంటాను కదా. వదలమని చేతికి చెబుతాను. అది విననట్టు ఒక్క క్షణం ఊరుకుంటుంది. ఎవరి చెయ్యో అనిపిస్తుంది. ఆటలో కూడా అంతే. సగం దెబ్బ కుదరడం లేదు, వెడ్జ్‌లు పెంచుకుంటూ పోతే దూరానికో నంబరు తీసి సర్దేద్దామనుకున్నా. నువ్వు కనిపెట్టలేవనుకున్నా."

"కాటా దగ్గర కూర్చునే మనిషిని కనిపెట్టలేననుకున్నారా?"

"కనిపెట్టినా చెప్పవనుకున్నా. చెప్పలేదుగా మరి."

ఏడ్చాను. ఆయన ఏడవలేదు కానీ ముక్కు చీదుకున్నారు, జలుబన్నారు.

రేపు మీరు పైకెక్కితే నేనే సైటుకి ఫోన్ చేస్తానని చెప్పాను. ఆయన తలెత్తి చూసి, "నువ్వు చెయ్యక్కర్లేదు" అన్నారు.

ఫిబ్రవరి 13

వెళ్లి ఇంజినీరుకి తనే చెప్పారు. గాలి అని రాసిన చోట కొట్టించి నిజం రాయించారు. మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చేశారు. పైన గాజు గదిలో ఉన్న సీటు దిండు, ఫ్లాస్కు సంచిలో వేసుకుని తెచ్చారు. ఇరవై నాలుగేళ్లకి సామాను అంతే.

ప్లంబర్ కొత్త డబ్బాలో తింటున్నాడట. "దగ్గరికెళ్లి చెప్పాను, నా చెయ్యే అని. వాడు నా మొహం చూసి, ముందు మీరు కూర్చోండన్నా అన్నాడు. నాకు అన్నం సగం పెట్టాడే" అన్నారు.

ఫిబ్రవరి 17

డాక్టరమ్మ ఈయన్ని బొటనవేలూ చూపుడువేలూ టకటకా తాకించమంది. ఎడమచెయ్యి టకటకలాడింది. కుడిచెయ్యి నాలుగుసార్లు తాకి, ఐదోసారికి ఆలోచనలో పడింది. రాయమంది. నడవమంది.

"ఎప్పటి నుంచండీ ఇలా?"

"ఈమధ్యే" అన్నారు ఈయన.

నేను సంచిలోంచి పట్టిక తీశాను. "నవంబర్ పదకొండున బాగానే ఉంది. ముప్పైన ఒక గజం తగ్గింది. డిసెంబర్ పద్నాలుగు నుంచి అన్నీ తగ్గుతూ వచ్చాయి."

ఆవిడ కళ్లజోడు సర్దుకుని చదివింది. "వెడ్జ్ అంటే ఏంటమ్మా?"

చెప్పాను. నవ్వుతుందేమోనని బిక్కుబిక్కుమంటూ చూశాను. నవ్వలేదు. ఆ కాగితాన్ని ఫొటో తీసి ఫైల్లో పెట్టుకుంది. ఇంత లెక్కగా చెప్పినవాళ్లు తన దగ్గరికి ఇంతవరకు రాలేదంది.

నరాల జబ్బు. పేరు పెద్దది, నెమ్మదిగా పెరుగుతుంది, మందులున్నాయి. చాలా ఏళ్లు బాగానే గడుస్తాయంది. క్రేన్ మాత్రం ఎక్కకూడదు.

బస్సులో ఈయన కిటికీ పక్కన కూర్చున్నారు. దారిలో ఒక క్రేన్ కనబడింది. తల తిప్పేసుకున్నారు. నేనూ తల తిప్పుకున్నాను. ఇంత అలసట నాకు నలభై లారీల రోజున కూడా లేదు.

ఫిబ్రవరి 21

"రేపు పోటీ" అన్నారు, టూత్‌బ్రష్ నోట్లో ఉండగానే.

నేను మరిచిపోయాననుకున్నాను. మరిచిపోలేదు.

ఫిబ్రవరి 22

సాయంత్రం ఆరింటికి సంచికి తాళం పడుతుంది. ఐదున్నరకి పట్టిక ముందు పెట్టుకుని కూర్చున్నాం.

"నా వంతు దెబ్బలూ నువ్వే కొట్టు. ఏ కర్రో నేను చెబుతా" అన్నారు.

"అలా కుదురుతుందా?"

"వేలు ఎవరిదో ఆటకేం తెలుసు? పైనొకడు లాగుతాడు, కిందొకడు సైగ చేస్తాడు. క్రేన్‌కి ఎప్పుడూ ఇద్దరు కావాలి. ఇంతకాలం నేను పైనున్నా. ఇప్పుడు దిగా."

మేష్టారిని అడిగాను. మా లీగులో అలా ఆడేవాళ్లు ఇంకా ఉన్నారట, నిశ్చింతగా ఆడమన్నాడు.

అయితే సంచి నా చేతికి సరిపోవాలి. నాకు సగం దెబ్బ రాదు. కాబట్టి యాభై రెండు ఉండాల్సిందే. మొత్తం నాలుగు వెడ్జ్‌లు. అరవై నాలుగు వద్దు. పెద్ద కర్ర ఉంటుంది.

"నాలుగు మోస్తున్నాం" అన్నాను. "చేతి మీద నమ్మకం లేనివాళ్లం."

"చెయ్యి మార్చాంగా" అన్నారు. చాలా రోజులకి నవ్వారు.

ఆరయింది. తాళం పడింది.

మొదటి గుంతకి పెద్ద కర్ర నేనే కొట్టాను, అడ్డదిడ్డంగా పోయింది. రెండోదీ కొట్టాను. బంతి గడ్డిలో ఆగింది. జెండాకి దూరం చూస్తే సరిగ్గా వంద గజాలు.

"యాభై రెండు" అన్నారు. లేచి బల్లకి అటువైపు నిలబడ్డారు. నిచ్చెన నిలబడినట్టే కాళ్లు ఎడంగా పెట్టి, కుడిచెయ్యి చాపి, అరచెయ్యి తెరిచి. "నేను పిడికిలి పట్టగానే వదులు."

వేలు నొక్కాను. పట్టీ నిండుతోంది. ఒక కన్ను పట్టీ మీద, ఒక కన్ను ఆ చెయ్యి మీద. పట్టీ నిండింది. ఆ వేళ్లు ఇంకా తెరిచే ఉన్నాయి. వదిలేశాను.

బంతి లేచింది, జెండాకి జానెడు దూరంలో పడి ఆగింది. అప్పటికి ఆయన పిడికిలి ముడుచుకుంది.

ఆయన తెర వైపు చూడలేదు. నా వైపే చూశారు.

"నా పిడికిలికే వదిలావా?"

అవునండీ అనెయ్యడం ఎంత తేలిక! నిచ్చెన రెణ్ణెల్లు అదే చేశాడు. నేనూ చేశాను. ఆ మాట నాలుక మీదకి వచ్చేసింది కూడా.

"లేదండీ. ముందే వదిలాను. మీ చెయ్యి ఇంకా తెరిచే ఉంది."

ఆయన పిడికిలిని కాసేపు చూసుకున్నారు. మెల్లగా విప్పి, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. పట్టిక నా ముందుకి జరిపారు.

"రాసుకో, కాటా మేడమ్."

52తో 100. నాది.